ఆకాశం ఒక్కటే... లైసెన్సులే వేరు!

రేపల్లెకు దగ్గర్లో ఓ పల్లె. రాత్రి భోజనాలయ్యాయి. వసారాలో మంచమ్మీద పాత ట్రంకుపెట్టె తెరిచి ఉంది. పట్టాదారు పాసుపుస్తకం తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు తండ్రి. ఎదురుగా ఇంటర్ పూర్తయిన కొడుకు.

‘‘అమ్మితే కాలవ కింద పొలం అమ్మాలి. తాకట్టు పెడితే వడ్డీ కట్టాలి. ఏదైనా సరేలే. ఒక్కమాట చెప్పరా... ఆ పైలట్ లైసెన్సు చేతికొస్తే ఏ దేశంలోనైనా ఉద్యోగం వస్తుందా?’’

‘‘ఎక్కడైనా వస్తుంది నాన్నా. కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు.’’

వంటింటి గుమ్మంలో నిలబడ్డ తల్లికి సందేహం తీరలేదు. ‘‘మరి తెనాలిలో మా అక్క కొడుకు అమెరికాలో నేర్చుకుని వచ్చాడుగా. లైసెన్సు ఉంది, యూనిఫాం వేసుకుని దిగిన ఫొటో కూడా ఉంది. వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో కూర్చుని మళ్లీ పరీక్షలకి చదువుతున్నాడంటగా. అదేంటి?’’

కొడుకు దగ్గర జవాబు లేదు.

ఇది ఫలానా వారింటి ముచ్చట కాదు, ఊహించుకున్నదే. అయితే రేపల్లెలో కాకపోతే తెనాలిలో, అక్కడ కాకపోతే బాపట్లలో... ఏ ఇంట్లోనైనా జరగగలిగిన సంభాషణే. ఈ ప్రాంతానికి విమానం కొత్తేం కాదు. బాపట్ల దగ్గర సూర్యలంకలో వైమానిక దళ స్థావరం ఉంది. 2024 మార్చి 18న ఇదే బాపట్ల జిల్లాలో, కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద వేసిన 4.1 కిలోమీటర్ల ప్రత్యేక రన్‌వే పైన వాయుసేన రవాణా విమానాలు దిగి, మళ్లీ ఎగిరాయి. సుఖోయ్ యుద్ధ విమానాలు రోడ్డును తాకేంత కిందకు వచ్చి పైకి లేచాయి. అలాంటివి చూసిన పిల్లలకు కాక్‌పిట్‌లో కూర్చోవాలనిపించడంలో వింతేముంది?

ఆశ మంచిదే. కానీ దానికయ్యే ఖర్చు అర కోటి దాటుతుంది. అంత డబ్బు పెట్టేముందు ఆ తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు తెలియాలి.

తోక దగ్గర ఉంది కిటుకు

ఈసారి గన్నవరంలోనో శంషాబాద్‌లోనో విమానం ఎక్కేటప్పుడు దాని వెనక భాగాన్ని ఓసారి గమనించాలి. తోకకు దగ్గర్లో కొన్ని అక్షరాలు రాసి ఉంటాయి. మన దేశపు విమానమైతే అవి ‘వీటీ’తో మొదలవుతాయి. అమెరికాదైతే ‘ఎన్’, బ్రిటన్‌దైతే ‘జీ’, ఎమిరేట్స్ దేశానిదైతే ‘ఏ6’, ఖతార్‌దైతే ‘ఏ7’, సింగపూర్‌దైతే ‘9వీ’. మన కార్ల మీద ‘ఏపీ’ అని ఉన్నట్టే ఇదీనూ. అది విమానం రిజిస్ట్రేషన్ నంబరు.

పైలట్ లైసెన్సు రహస్యమంతా ఆ అక్షరాల్లోనే ఉంది. 1944 డిసెంబరులో అమెరికాలోని షికాగో నగరంలో ప్రపంచ దేశాలు కూర్చుని పౌర విమానయానం మీద ఒక ఒప్పందం రాసుకున్నాయి. ఇప్పుడు అందులో 193 దేశాలున్నాయి. ఆ ఒప్పందంలోని 32వ అధికరణం సారాంశం ఇది: అంతర్జాతీయ ప్రయాణం చేసే విమానం ఏ దేశంలో రిజిస్టరైందో, దాన్ని నడిపే పైలట్‌కి ఆ దేశం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. లేదా తన దగ్గరున్న లైసెన్సు చెల్లుతుందని ఆ దేశం ఒప్పుకోవాలి.

అంటే మన పైలట్ ‘వీటీ’ విమానాన్ని హైదరాబాద్ నుంచి దుబాయ్ తీసుకెళ్లి దించవచ్చు. అక్కడ ఎవరూ ఆపరు. కానీ అదే దుబాయ్‌లో, పక్కనే నిలబడి ఉన్న ‘ఏ6’ విమానం సీట్లో కూర్చుని నడుపుతానంటే మాత్రం కుదరదు. రెండూ ఒకే కంపెనీ తయారుచేసిన ఒకే రకం విమానాలు కావచ్చు. మీటలూ మీటర్లూ అవే కావచ్చు. అయినా అంతే.

మన వాళ్లకు ఇది తెలియని సంగతేమీ కాదు. గుంటూరులో ఎంబీబీఎస్ చదివి అమెరికా వెళ్లిన డాక్టర్లు ఊరికొకరైనా ఉంటారు. అక్కడ స్టెతస్కోపు పట్టేముందు వాళ్లు మళ్లీ పుస్తకాలు పట్టుకుని, యూఎస్ఎంఎల్ఈ రాయాల్సి వచ్చింది. రోగం మారలేదు, మందు మారలేదు. చట్టం మారింది. పైలట్‌కీ అంతే. చేతిలో ఉన్నది డిగ్రీ పట్టా కాదు... ఒక ప్రభుత్వం ఇచ్చిన అనుమతి. ఆ ప్రభుత్వం హద్దు ఎక్కడిదాకా ఉంటే, ఆ అనుమతి బలమూ అక్కడిదాకే.

ఈ హద్దు ఎంత పదునైనదో 2020 డిసెంబరు 31 రాత్రి ఐరోపాకు తెలిసొచ్చింది. అప్పటిదాకా బ్రిటన్‌లో తీసుకున్న లైసెన్సుతో ఫ్రాన్స్ విమానాన్నైనా, జర్మనీ విమానాన్నైనా నడపగలిగేవారు. ఐరోపా కూటమి నుంచి బ్రిటన్ బయటకు వచ్చేసిన ఆ గడువు దాటగానే ఆ సౌకర్యం పోయింది. ముందే జాగ్రత్తపడి లైసెన్సును కూటమి దేశానికి మార్పించుకున్నవాళ్లు సుఖంగా ఉన్నారు. మిగిలినవాళ్లు చిక్కుల్లో పడ్డారు. తెల్లారేసరికి వాళ్ల నైపుణ్యం తగ్గిపోలేదు... గీత మారిందంతే!

ముందు డాక్టరు... తర్వాతే బేరం

లైసెన్సు సంగతి సరే, అసలు దానికన్నా ముందు దాటాల్సిన గడప ఒకటుంది. అది వైద్యపరీక్ష.

బండ్ల శిరీష పేరు తెలియని తెలుగిల్లు ఉండదు. చీరాలలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వెళ్లి, 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో అంతరిక్షపు అంచుదాకా వెళ్లొచ్చిన అమ్మాయి. పైలట్‌గానో నాసా వ్యోమగామిగానో వెళ్లాలన్న ఆమె చిన్ననాటి కోరికకు కంటిచూపు అడ్డొచ్చింది. ఆమె ఇంజినీరింగ్ దారి పట్టి, వేరే తలుపు తెరుచుకుని ఆకాశాన్ని అందుకుంది. కానీ ఆ సంగతి పొలం అమ్మేశాక తెలిస్తే? రెండో తలుపు వెతుక్కునే స్తోమత ఎంతమందికి మిగులుతుంది?

మన దేశంలో పౌర విమానయాన వ్యవహారాలు చూసే సంస్థ డీజీసీఏ. ఆ సంస్థ గుర్తించిన డాక్టరు దగ్గర మొదట క్లాస్-2 పరీక్ష చేయించుకోవాలి. ఆ తర్వాత క్లాస్-1. బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ లాంటి చోట్ల దీన్ని చేస్తారు. చూపు, రంగులు గుర్తించే శక్తి, వినికిడి, గుండె, రక్తం... అన్నీ చూస్తారు. కళ్లద్దాలు ఉన్నంతమాత్రాన కంగారు అక్కర్లేదు. అద్దాలతో చూపు నిర్ణీత స్థాయికి వస్తే చాలు. రంగుల గుర్తింపులో లోపముంటే మాత్రం అక్కడే ఆగాల్సి రావచ్చు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఫీజు కట్టి, వీసా తెచ్చుకుని, శిక్షణ ఇచ్చే దేశంలో వైద్యపరీక్షకు వెళ్తారు. అక్కడ పాసవుతారు. శిక్షణ పూర్తి చేసుకుని తిరిగొచ్చాక మన డీజీసీఏ పరీక్షలో ఏదో లోపం బయటపడుతుంది. ఒక దేశపు డాక్టరు సరే అన్నంత మాత్రాన ఇంకో దేశపు డాక్టరు అనాలని లేదు. ఏ దేశంలో ఉద్యోగం చేయాలనుకుంటున్నారో ఆ దేశపు క్లాస్-1 సర్టిఫికెట్ చేతికొచ్చాకే డబ్బు మాట. అయ్యే ఖర్చు కొన్ని వేలు... అది కాపాడేది ఒక పొలాన్ని.

తెనాలి అబ్బాయి ఎందుకు చదువుతున్నట్టు?

ఇక ఆ తల్లి అడిగిన ప్రశ్న. అమెరికాలో లైసెన్సు తీసుకున్న తెనాలి కుర్రాడు ఇంట్లో కూర్చుని ఏం చదువుతున్నట్టు?

‘మరి అమెరికాలోనే ఉద్యోగం చేసుకోవచ్చుగా’ అని ఎవరికైనా అనిపిస్తుంది. అక్కడ చదువుకోసం వెళ్లిన వీసా వేరు, ఉద్యోగం చేసుకునే హక్కు వేరు. పైగా 2013 నుంచి అక్కడి ఎయిర్‌లైన్లలో కో-పైలట్ కావాలన్నా ఏటీపీ అనే పెద్ద లైసెన్సు ఉండాలి. దానికి మామూలుగా 1500 గంటల అనుభవం, 23 ఏళ్ల వయసు కావాలి. శిక్షణ ముగిసేసరికి కుర్రాడి ఖాతాలో ఉండేది రెండొందలో, రెండొందల యాభయ్యో గంటలు. మనదేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు చాలు. దాంతోనే కో-పైలట్‌గా తీసుకుంటారు. కాబట్టి ఇంటికి రావడమే దారి.

వచ్చాక ఆ అమెరికా లైసెన్సును మన లైసెన్సుగా మార్పించుకోవాలి. అందుకు డీజీసీఏ పెట్టే రాతపరీక్షలు పాసవ్వాలి. విమానయాన నిబంధనల పేపరు ఒకటి. నావిగేషన్, వాతావరణ శాస్త్రం కలిపిన పేపరు ఇంకొకటి. ఒక్కోదాంట్లో కనీసం 70 శాతం మార్కులు రావాలి. రేడియోలో మాట్లాడేందుకు వేరే పరీక్ష. ఇవి కాక మన క్లాస్-1 వైద్యపరీక్ష, విమానం నడిపి చూపించే పరీక్ష. ఆ దేశపు విమానయాన శాఖ నుంచి ‘ఈ లైసెన్సు మేమిచ్చిందే’ అని ధ్రువీకరణ కూడా రావాలి.

ఇందులో రెండు ఉచ్చులున్నాయి. మొదటిది గంటలు. అమెరికాలో గుర్తింపు పొందిన కొన్ని కోర్సుల్లో 190 గంటలకే కమర్షియల్ లైసెన్సు ఇస్తారు. ఇంకొన్ని దేశాల్లో అంతకన్నా తక్కువకే పూర్తవుతుంది. ‘ఇక్కడే అయిపోయిందిగా’ అని సంబరంగా వచ్చేస్తే, ఇక్కడ 200 అడుగుతారు. మిగిలిన ఆ కాసిని గంటల కోసం మళ్లీ ఫ్లయింగ్ క్లబ్ చుట్టూ తిరగాలి, మళ్లీ డబ్బు కట్టాలి. రెండోది కాలం. దరఖాస్తుకు ముందు ఆరు నెలల్లో కొన్ని గంటలైనా విమానం నడిపి ఉండాలి. పరీక్షల కోసం కూర్చుని కూర్చుని ఆ గడువు దాటితే, ఎగరడం మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

విదేశానికి వెళ్లేముందే మన రాతపరీక్షలు కొన్ని రాసి పెట్టుకుంటే ఈ ఎదురుచూపు చాలా తగ్గుతుంది. శిక్షణ సంస్థల బ్రోచర్లలో ఈ సంగతి పెద్ద అక్షరాల్లో కనిపించదు. ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అన్న సామెత ఈ విషయంలో అక్షరాలా నిజం.

మరో చిక్కు ఇంటర్ దగ్గర. పైలట్ కావాలంటే ఇంటర్లో ఫిజిక్స్, మ్యాథ్స్ చదివి ఉండాలన్నది దశాబ్దాల నాటి నిబంధన. దాన్ని సడలించాలన్న ఆలోచన 2025లో చర్చకు వచ్చింది. అందుకే కన్సల్టెన్సీ మాటో, పక్కింటివాళ్ల మాటో కాకుండా, చేరేరోజు డీజీసీఏ వెబ్‌సైట్లో నిబంధన ఏముందో స్వయంగా చూసుకోవాలి.

బాపట్ల అమ్మాయి గల్ఫ్‌కు వెళ్తానంటే...

ఇప్పుడు కథను ఇంకోవైపు నుంచి చూద్దాం. బాపట్ల అమ్మాయి. ఇక్కడే లైసెన్సు తీసుకుంది, ఇక్కడి ఎయిర్‌లైన్‌లో కొన్నేళ్లుగా కో-పైలట్. ప్రభుత్వం చెప్పిన లెక్కల ప్రకారం మనదేశంలో పైలట్లలో దాదాపు 15 శాతం మహిళలే. ప్రపంచ సగటుకు ఇది దాదాపు మూడింతలు. కాబట్టి ‘ఆడపిల్లకు విమానమేంటి’ అనే రోజులు పోయాయి. ఆ అమ్మాయికి గల్ఫ్‌లో అవకాశం వచ్చింది. మరి లైసెన్సు?

దీనికి రెండు పద్ధతులు. మొదటిది వ్యాలిడేషన్. అంటే పాత లైసెన్సు పాతదే. ‘దీన్ని మా విమానాలకు ఇంతకాలం ఒప్పుకుంటున్నాం’ అని కొత్త దేశం వేసే ముద్ర. అద్దె ఇల్లు లాంటిది. గడువు ఉంటుంది, షరతులుంటాయి. అడుగున ఉన్న భారత లైసెన్సుకు కాలం చెల్లితే పైనున్న ముద్రకూ విలువ ఉండదు. రెండోది కన్వర్షన్. ఆ దేశపు పరీక్షలు రాసి, ఆ దేశపు వైద్యపరీక్ష పాసై, సిమ్యులేటర్‌లో నడిపి చూపించి, అక్కడి లైసెన్సే తీసుకోవడం. సొంతిల్లు కట్టుకోవడం అన్నమాట.

సొంతిల్లు ఎంత కష్టమన్నది దేశాన్ని బట్టి ఉంటుంది. ఐరోపాలో ఏటీపీఎల్ స్థాయి రాతపరీక్షలు 13. ఇక్కడ ఎన్నేళ్లు నడిపినా సరే, వేల గంటల కెప్టెనైనా సరే, ఆ పుస్తకాలు తెరవాల్సిందే. అందుకే అనుభవమున్న మనవాళ్లలో చాలామంది గల్ఫ్ దేశాలవైపు చూస్తారు. ఉద్యోగమిచ్చే ఎయిర్‌లైనే దగ్గరుండి ఈ వ్యవహారం నడిపిస్తే పైలట్‌కి పని తేలికవుతుంది. అయితే అలా పిలిచి తీసుకునేది విమానం మీద అనుభవం ఉన్నవాళ్లనే. చేతిలో 200 గంటల లైసెన్సు పట్టుకుని విదేశీ ఎయిర్‌లైన్ తలుపు తట్టడం... ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే.

వెళ్లేముందు ఇక్కడి లెక్కలూ తేల్చుకోవాలి. 2017లో డీజీసీఏ తెచ్చిన నిబంధన ప్రకారం ఉద్యోగం మానేయాలనుకున్న కెప్టెన్ ఏడాది ముందు, కో-పైలట్ ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. దీని మీద పైలట్ల సంఘాలు కోర్టుల దాకా వెళ్లాయి. గల్ఫ్ నుంచి పిలుపు రాగానే మర్నాడే సూట్‌కేసు సర్దుకోవడం కుదరదన్నమాట. శిక్షణ ఖర్చుల కోసం ఎయిర్‌లైన్‌కు రాసిచ్చిన బాండు ఏదైనా ఉంటే అదీ చూసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటుంది. అక్కడ సొంతిల్లు కట్టుకున్నా ఇక్కడి ఇల్లు పాడుపెట్టకూడదు. 2023 అక్టోబరులో తెచ్చిన సవరణతో మన కమర్షియల్, ఏటీపీఎల్ లైసెన్సుల కాలపరిమితి 5 ఏళ్ల నుంచి 10 ఏళ్లకు పెరిగింది. 2025 ఫిబ్రవరి నుంచి ఫోన్లో చూపించగల ఎలక్ట్రానిక్ లైసెన్సులూ వచ్చాయి. అది ఊరటే. కానీ లైసెన్సు బతికున్నంత మాత్రాన దాంతో ఎగిరే అర్హత బతికున్నట్టు కాదు. వైద్యపరీక్ష, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ లాంటివాటికి వేరే గడువులుంటాయి. ‘ఎలాగూ ఇక్కడే స్థిరపడతాంలే’ అనుకుని వాటిని వదిలేసినవాళ్లు ఎందుకు పశ్చాత్తాపపడ్డారో తెలియాలంటే 2020ని గుర్తుచేసుకోవాలి.

అలలా వస్తాయి... అలలా పోతాయి

2012లో కింగ్‌ఫిషర్ విమానాలు ఆగిపోయాయి. 2019 ఏప్రిల్ 17 రాత్రి జెట్ ఎయిర్‌వేస్ ఆఖరి విమానం దిగింది. అందులో పనిచేసిన పైలట్లు కొందరు దేశంలోని మిగతా ఎయిర్‌లైన్లకు, కొందరు విదేశాలకు వెళ్లారు. ఏడాది తిరక్కుండానే కరోనా వచ్చింది. ప్రపంచమంతటా విమానాలు నేలకు దిగాయి. గల్ఫ్‌లోని పెద్ద ఎయిర్‌లైన్లు కూడా పైలట్లను ఇళ్లకు పంపాయి. భారత లైసెన్సును బతికించుకున్నవాళ్లకు ఇల్లు చేరాక కనీసం ఒక దారైనా మిగిలింది. 2023 మే నెలలో గో ఫస్ట్ ఆగిపోయింది. అదే 2023 ఫిబ్రవరిలో ఎయిరిండియా 470, జూన్‌లో ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ప్రకటించాయి. ఒకే ఏడాదిలో ఒకచోట కన్నీళ్లు, ఇంకోచోట కొత్త ఉద్యోగాల ఆశలు.

విమానయానం సూర్యలంక సముద్రం లాంటిది. అల వచ్చినప్పుడు ఒడ్డంతా నీళ్లే. వెనక్కి పోయినప్పుడు ఇసకే మిగులుతుంది. అల చూసి శిక్షణలో చేరినవాడు, రెండేళ్ల తర్వాత బయటకు వచ్చేసరికి ఇసక మీద నిలబడి ఉండొచ్చు. బ్యాంకు వాయిదా మాత్రం అలను చూసి ఆగదు.

అబద్ధం రాయని పుస్తకం

లైసెన్సు హద్దు దాటదు సరే, మరి పైలట్‌తోపాటు దేశాలు దాటేదేమిటి? ఆయన లాగ్‌బుక్. ఏ రోజు, ఏ విమానం, ఎన్ని గంటలు, పగలా రాత్రా, ఒంటరిగానా పక్కన శిక్షకుడున్నాడా... అన్నీ అందులో ఉంటాయి. ఏ దేశమైనా మొదట అడిగేది అదే.

ఈ పుస్తకంలో గాలిలో ఎగరని గంటల్ని పెన్నుతో ఎగరేసే ప్రబుద్ధులూ ఉంటారు. పైలట్ల భాషలో వాటికి ‘పార్కర్ పెన్ గంటలు’ అని ఎకసెక్కపు పేరు. 2011లో మనదేశంలో నకిలీ మార్కుల జాబితాలతో లైసెన్సులు తీసుకున్న వ్యవహారం బయటపడి అరెస్టులు జరిగాయి. ఆ తర్వాత తనిఖీలు గట్టిపడ్డాయి. కన్వర్షన్ కోసం వెళ్లిన ప్రతిచోటా పాత దేశానికి లేఖ వెళ్తుంది, జవాబు వస్తుంది. ఒక్క గంట తేడా వచ్చినా మిగిలిన వేల గంటల్ని అనుమానంగా చూస్తారు. ‘త్వరగా గంటలు పూర్తిచేయిస్తాం’ అని ఎవరైనా గుసగుసగా చెబితే అక్కణ్నుంచి లేచి వచ్చేయడమే మంచిది.

పైలట్‌తోపాటు వచ్చే ఇంకో ఆస్తి భాష. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం 2008 నుంచి పైలట్లకు ఇంగ్లిషులో కనీసం నాలుగో స్థాయి ఉండాలి. మొత్తం స్థాయిలు ఆరు. తెలుగు మీడియం పిల్లలు ఇక్కడ బెదిరిపోతారు. విజయవాడలో పెరిగిన అనీ దివ్య 17 ఏళ్ల వయసులో ఉత్తరప్రదేశ్‌లోని ప్రభుత్వ ఫ్లయింగ్ అకాడమీలో చేరినప్పుడు ఇంగ్లిషు మాట్లాడటానికి చాలా ఇబ్బంది పడ్డానని ఆమే చెప్పుకున్నారు. ఆమె వెనక్కి రాలేదు. 19 ఏళ్లకు ఎయిరిండియాలో చేరారు. 2017లో, 30 ఏళ్ల వయసులో బోయింగ్ 777 విమానానికి కమాండర్ అయ్యారు. ఇంగ్లిషు నేర్చుకుంటే వస్తుంది. రంగులు గుర్తించే కన్ను అలా కాదు. ఏది సరిచేసుకోగలమో, ఏది చేసుకోలేమో ముందే తెలిస్తే సగం భయం పోతుంది.

మళ్లీ వసారాలోకి...

రేపల్లె పక్కనున్న ఆ పల్లెలో తండ్రి ఇంకా పాసుపుస్తకం మూయలేదు. కన్సల్టెన్సీ వాళ్ల ముందు కూర్చున్నప్పుడు ఆయన అడగాల్సిన ప్రశ్నలు ఏమంత కష్టమైనవి కావు. మా వాడు ఉద్యోగం చేసేది ఏ దేశపు విమానం మీద? ఆ దేశపు వైద్యపరీక్ష అయిందా? మీ కోర్సు ఎన్ని గంటలకు ముగుస్తుంది, ఇక్కడ ఎన్ని అడుగుతారు? తిరిగొచ్చాక రాయాల్సిన పరీక్షలేంటి, అందులో వెళ్లేముందే రాయగలిగినవేంటి? ఫీజు మొత్తం ఒకేసారి కట్టాలా, గంటల్ని బట్టి వాయిదాల్లో కట్టొచ్చా? మధ్యలో మీ స్కూలు మూతపడితే డబ్బు సంగతేంటి? లైసెన్సు వచ్చాక ఎయిర్‌బస్, బోయింగ్ లాంటి ఒక్కో రకం విమానానికి విడిగా చేయాల్సిన టైప్ రేటింగ్ ఖర్చు మీరు చెప్పిన లెక్కలో ఉందా, లేదా?

చివరిదాని దగ్గర చాలామంది కన్సల్టెన్సీ వాళ్లు దగ్గుతారు. ఎందుకంటే ఆ ఖర్చు మళ్లీ లక్షల్లో ఉంటుంది. దానికోసం రెండోసారి పొలం గట్టు వైపు చూడాల్సి వస్తుంది.

ఇవన్నీ విన్నాక ‘అయితే వద్దులే’ అనుకోవాల్సిన పనిలేదు. పంట వేసేముందు రైతు నేలను చూస్తాడు, నీటిని చూస్తాడు, కాలవ ఎప్పుడు వదులుతారో కనుక్కుంటాడు. విత్తనం కొట్టువాడు చెప్పాడని గుడ్డిగా నాట్లు వేయడు. ఆకాశంలో వేసే పంటకైనా అంతే.

‘‘సరేరా’’ అన్నాడు తండ్రి చివరికి. ‘‘పొలం సంగతి తర్వాత. ముందు బెంగళూరు వెళ్లి ఆ డాక్టర్లకు కళ్లు చూపించుకురా. రైలు చార్జీ నేనిస్తా. ఆ సర్టిఫికెట్ తెచ్చి నా చేతిలో పెట్టు. ఈలోపు మీ తెనాలి అన్నయ్య దగ్గరికెళ్లి ఆ పరీక్షల పుస్తకాలు ఏంటో చూడు.’’

‘‘మరి కన్సల్టెన్సీ వాళ్లు ఈ నెలాఖరులోగా అడ్వాన్సు కట్టమన్నారు నాన్నా...’’

‘‘ఆకాశం ఎక్కడికీ పోదులేరా’’ అంటూ ఆయన పాసుపుస్తకాన్ని పెట్టెలో పెట్టి గడియ వేశాడు.

తల్లి లోపలికెళ్లి తెనాలి అక్కకు ఫోను కలిపింది.